పక్క దేశంలో గొడవ ముదిరితే మన ఎంబసీ ఏం గమనిస్తుంది, ఎప్పుడు కదులుతుంది?

విజయవాడ భవానీపురం నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న: “మా అబ్బాయి కువైట్‌లో ఒక కంపెనీలో సైట్ సూపర్‌వైజర్. చుట్టుపక్కల దేశాల మధ్య గొడవ ముదురుతోందని టీవీల్లో ఒకటే హోరు. మన ఎంబసీ మాత్రం ‘అప్రమత్తంగా ఉండండి’ అని రెండు లైన్లు పెట్టి ఊరుకుంది. వాళ్లు నిజంగా ఏమైనా గమనిస్తున్నారా? పరిస్థితి చెయ్యి దాటితే తీసుకొస్తారా? మేం ఇక్కడి నుంచి ఏం చేయాలి?”

అమ్మా, ముందు సూటిగా జవాబు చెబుతాను. గమనిస్తారు, రాత్రీ పగలూ గమనిస్తారు. అయితే ఎవరు గెలుస్తున్నారన్న దానికంటే, మనవాళ్లు బయటికొచ్చే దారుల్లో ఏవి తెరిచి ఉన్నాయి, ఏవి మూసుకుపోయేలా ఉన్నాయి అన్నదే వాళ్లకు ముఖ్యం. ఆ దారులు తెరిచి ఉన్న రోజుల్లో వచ్చే రెండు లైన్ల ప్రకటనే ఎంబసీ చేసే అతి పెద్ద సహాయమని నేను గట్టిగా నమ్ముతాను. ప్రత్యేక విమానం పంపడం ఆఖరి మెట్టు. అవసరమైతే తీసుకొస్తారు, ఇంతకుముందు తీసుకొచ్చారు కూడా. కానీ విమానం కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం మంచిది కాదు. మీ అబ్బాయి ఈ వారమే చేయాల్సినవి మూడు: పాస్‌పోర్టు చేతికి తెచ్చుకోవడం, ఎంబసీలో పేరు నమోదు చేయించుకోవడం, టికెట్టుకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకోవడం.

నేను విదేశాంగ శాఖలో చేరి పశ్చిమాసియాలోనూ ఆఫ్రికాలోనూ మన ఎంబసీల్లో కాన్సులర్, అడ్మిన్ సెక్షన్లలో పనిచేశాను. రిటైరయ్యాక గుంటూరులో ఉంటున్నాను. ఎక్కడ బాంబు పడ్డా తెనాలి నుంచి, నరసరావుపేట నుంచి పిల్లల తల్లిదండ్రులు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. రహస్యాలు రాయను, రాయాల్సిన పని కూడా లేదు. ఈ పని చాలావరకు బహిరంగంగా జరిగేదే.

గమనించడం అంటే ఏమిటో మొదట చెబుతాను. దౌత్య సంబంధాలపై 1961 నాటి వియన్నా ఒప్పందం ఎంబసీ విధుల్లో ఒకటిగా దీన్నే చెప్పింది: చట్టబద్ధమైన మార్గాలన్నిటిలో ఆ దేశ పరిస్థితులు తెలుసుకుని సొంత ప్రభుత్వానికి నివేదించడం. అదే ఒప్పందం ఆ దేశ అంతర్గత వ్యవహారాల్లో వేలు పెట్టకూడదని కూడా అంటుంది. ఈ రెండు గీతల మధ్యే అంతా నడవాలి. అందుకే ఎంబసీ ప్రకటనలు మనకు చప్పగా కనిపిస్తాయి. ఆతిథ్య దేశం ‘అంతా బాగానే ఉంది’ అంటున్నప్పుడు మన రాయబారి బయటికొచ్చి ‘ఇక్కడ ప్రమాదం’ అని అరవలేరు. లక్షల మంది మనవాళ్లు ఆ దేశ ప్రభుత్వం దయమీద పనిచేసుకుంటున్నప్పుడు అసలే అనలేరు.

పొద్దున్నే మొదటి పని స్థానిక పత్రికలు, టీవీ. మన దగ్గర పనిచేసే స్థానిక సిబ్బంది అరబిక్ పత్రికలు చదివి ముఖ్యమైనవి అనువదించి పెడతారు. పొలిటికల్ సెక్షన్ అధికారులు ఆ దేశ విదేశాంగ శాఖలో తమకు తెలిసినవాళ్లతో మాట్లాడతారు, ఇతర ఎంబసీలవాళ్లను కలుస్తారు. డిఫెన్స్ అటాషే ఉంటే ఆయన సైనిక కోణం చూస్తారు. కానీ నిజమైన నాడి దొరికేది వేరేచోట. విమానాల కంపెనీ స్టేషన్ మేనేజర్ ‘రేపటి నుంచి మా విమానం రాత్రి ఇక్కడ ఆగదు, సిబ్బందిని కూడా ఉంచం’ అన్నాడంటే ఆ మాట పది సంపాదకీయాల పెట్టు. ఓడలకు యుద్ధ ప్రమాదపు బీమా ప్రీమియం పెరగడం, పెద్ద దేశాల ఎంబసీలు తమ సిబ్బంది కుటుంబాలను పంపించేయడం, అంతర్జాతీయ స్కూళ్లు సెలవులు ముందుకు జరపడం, మార్కెట్లో డాలర్ రేటు బ్యాంకు రేటును వదిలి పైకి పోవడం, ఇవన్నీ ఎవరో ఒకరు రోజూ రాసుకుంటారు. నేను పనిచేసిన ఒకచోట మా స్థానిక గుమాస్తా రోజూ ఆఫీసుకొస్తూ తన వీధిలో రొట్టెల దుకాణం ముందు క్యూ ఎంత ఉందో చూసి చెప్పేవాడు. ఒక రోజు ‘క్యూ రెండింతలైంది, జనం ఒక్కొక్కరు నాలుగు రోజుల రొట్టెలు కొంటున్నారు’ అన్నాడు. ఆ సాయంత్రం ఢిల్లీకి వెళ్లిన రిపోర్టులో ఆ ముక్క ఉంది.

మన కంపెనీల సైట్ మేనేజర్లు, ఆస్పత్రుల్లో పనిచేసే మన నర్సులు, సరిహద్దు దాకా సరుకు తోలే డ్రైవర్లు, తెలుగు సంఘాలవాళ్లు, మలయాళీ సంఘాలవాళ్లు, వీళ్లే ఎంబసీకి కళ్లూ చెవులూ. గల్ఫ్ దేశాలన్నిటిలో కలిపి మనవాళ్లు సుమారు 90 లక్షల మంది. ఎంబసీలో ఉండే ఇండియా సిబ్బందిని చాలాచోట్ల ఒక హాల్లో కూర్చోబెట్టొచ్చు. జనం తోడ్పాటు లేకుండా ఆ కొద్దిమందితో ఏ పనీ సాగదు.

ఇదంతా సాయంత్రానికి ఒక రిపోర్టుగా ఢిల్లీకి వెళుతుంది. పక్క దేశాల్లోని మన ఎంబసీలకూ సమాచారం అందుతుంది. ఇది చాలా ముఖ్యం. ఎందుకంటే ఒక దేశంలో యుద్ధం వస్తే మనవాళ్లను కాపాడేది తరచుగా పక్క దేశంలో ఉన్న మన ఎంబసీయే. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు మనవాళ్లు బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాలెక్కారు. 1,70,000 మందికి పైగా వచ్చారు. 2015లో యెమెన్ నుంచి 4,640 మందికి పైగా భారతీయుల్ని, వాళ్లతో పాటు 41 దేశాలకు చెందిన 960 మందిని తెచ్చినప్పుడు కీలకమైంది ఎర్రసముద్రం అవతలి ఒడ్డున ఉన్న చిన్న దేశం జిబౌటీ. అక్కడ అప్పటికి మనకు సొంత ఎంబసీయే లేదు, ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా నుంచి చూసుకునేవారు. 2022లో ఉక్రెయిన్‌కు పోలండ్, హంగరీ, రొమేనియా, స్లొవేకియా, మోల్దోవా. 2023లో సూడాన్‌కు సౌదీలోని జెడ్డా. 2025 జూన్‌లో ఇరాన్ నుంచి మొదటి విద్యార్థులు బయటపడింది ఆర్మేనియా మీదుగా. ఆ ఏడాదే ఇజ్రాయెల్ నుంచి వచ్చినవాళ్లు రోడ్డు మార్గాన జోర్డాన్‌కో ఈజిప్టుకో చేరి విమానం ఎక్కారు. చాలాసార్లు గగనతలం మూతపడింది, నేల మీదో సముద్రం మీదో ఉన్న దారి పనికొచ్చింది. కాబట్టి మీ అబ్బాయి విషయంలో కువైట్ ఎంబసీ ఎంత ముఖ్యమో, పక్కనున్న సౌదీ రాజధాని రియాద్‌లో మన ఎంబసీ కూడా అంతే ముఖ్యం.

ప్రతి ఎంబసీలోనూ ఇలాంటి రోజు కోసం ఒక ప్రణాళిక కాగితం మీద సిద్ధంగా ఉంటుంది. మనవాళ్లు ఏ ఏరియాలో ఎంతమంది, ఎక్కడ కూడాలి, ఏ రోడ్డు, ఏ బస్సుల కంపెనీ, ఎంత నగదు, శాటిలైట్ ఫోన్ ఎక్కడ, జనరేటరుకు డీజిల్ ఎన్ని రోజులకు. గొడవ పెరిగే కొద్దీ దాన్ని తిరగరాస్తారు. ఒకసారి రాజధాని నుంచి సరిహద్దు దాకా రోడ్డు చూసి రమ్మని నన్నూ ఒక స్థానిక డ్రైవర్‌నూ పంపారు. బయటివాళ్లకు అది మామూలు కారు ప్రయాణం. మేం రాసుకున్నవి ఇవి: పెట్రోలు బంకులు ఎక్కడెక్కడ, వాటిలో జనరేటర్ ఉన్నవి ఏవి (కరెంటు పోతే పంపు తిరగదు), ఏ వంతెన కూలితే పక్కదారి ఉంది, ఏ మలుపు దాటాక ఫోన్ సిగ్నల్ పోతుంది, ఆడవాళ్లకు బాత్రూము ఎక్కడ, చెక్‌పోస్టు ఎన్నింటికి మూస్తారు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి సరిహద్దు దగ్గర తెలిసింది. ఆ దేశం నంబరు ప్లేటున్న బస్సుల్ని అవతలికి రానివ్వరు. అంటే జనం దిగి, సామాన్లు మోసుకుంటూ రెండు గేట్ల మధ్య ఎండలో నడవాలి, అవతల వేరే బస్సు ఎక్కాలి. పసిపిల్లలు, గర్భిణులు, వీల్‌చైర్లో ఉన్నవాళ్లు ఉంటే? అందుకని నీళ్లు, ట్రాలీలు, అవతల పక్క మన మనిషి, ఈ మూడూ ప్రణాళికలో చేరాయి. ఇలాంటి పని ఏ ప్రకటనలోనూ కనిపించదు.

ఇక ఆ రెండు లైన్ల ప్రకటన. దాన్ని చదివే పద్ధతి ఉంది. కృష్ణలంక, రాణిగారితోట వాళ్లను అడగండి, ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే ఏం చేయాలో, రెండోది ఎగరేస్తే ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎంబసీ అడ్వైజరీలకూ అలాగే మెట్లున్నాయి. ‘అప్రమత్తంగా ఉండండి, స్థానిక అధికారుల సూచనలు పాటించండి’ అంటే మొదటి మెట్టు: కాగితాలు సర్దుకోమని. ‘అత్యవసరం కాని ప్రయాణాలు మానుకోండి’ అంటే ఇండియా నుంచి కొత్తగా ఎవరూ రావద్దని, సెలవుకు వచ్చినవాళ్లు తిరుగు ప్రయాణం గురించి ఆలోచించుకోమని. ‘ఉండాల్సిన అవసరం లేనివాళ్లు తాత్కాలికంగా వెళ్లే విషయం ఆలోచించండి’ అంటే బయల్దేరమని. అక్కడ ‘ఆలోచించండి’ అనేది మర్యాద మాత్రమే. ఆ తర్వాత వచ్చే ‘అందుబాటులో ఉన్న ఏ మార్గంలోనైనా వెంటనే వెళ్లిపోండి’ అన్నది చివరి మెట్టు. అప్పటికి టికెట్లు ఉండవు.

ఉక్రెయిన్‌లో ఏం జరిగిందో తేదీలవారీగా చూడండి. 2022 ఫిబ్రవరి 15న కీవ్‌లోని మన ఎంబసీ, ఉండాల్సిన అవసరం లేనివాళ్లు, ముఖ్యంగా విద్యార్థులు తాత్కాలికంగా వెళ్లే విషయం ఆలోచించుకోవాలని చెప్పింది. 20న మళ్లీ చెప్పింది. 22న, ఆన్‌లైన్ క్లాసుల గురించి యూనివర్సిటీల నుంచి అధికారిక కబురు కోసం ఆగకుండా వెళ్లిపొమ్మని ఇంకా తెరిచి చెప్పింది. 24 తెల్లవారుజామున దాడి మొదలైంది, గగనతలం మూశారు. ఆ రోజు కీవ్‌కు బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం దారిలోనే వెనక్కి తిరిగింది. మార్చి 1న ఖార్కివ్‌లో కర్ణాటక కుర్రాడొకడు సరుకులకోసం బయటికి వెళ్లి షెల్లింగ్‌లో ప్రాణం కోల్పోయాడు. మార్చి 2న ఖార్కివ్‌లోని మనవాళ్లంతా సాయంత్రం ఆరు లోపల నగరం దాటాలని, బస్సులూ రైళ్లూ దొరకకపోతే నడిచైనా వెళ్లాలని ఎంబసీ చెప్పాల్సి వచ్చింది. తర్వాత సుమారు 22,500 మంది తిరిగొచ్చారు, నలుగురు కేంద్రమంత్రులు సరిహద్దు దేశాలకు వెళ్లి కూర్చున్నారు. అది గొప్ప పనే. అయినా 15వ తేదీకీ 24వ తేదీకీ మధ్య ఉన్న ఆ తొమ్మిది రోజులే నా మనసులో ఎప్పుడూ మెదులుతుంటాయి. విమానాశ్రయం తెరిచే ఉంది.

పిల్లలు ఎందుకు కదల్లేదు? నిర్లక్ష్యం అని నేను అనను. అప్పట్లో గుంటూరు, విజయవాడ తల్లిదండ్రులతో ఎంతోమందితో మాట్లాడాను. హాజరు తగ్గితే సంవత్సరం పోతుందని యూనివర్సిటీలు బెదిరించాయి. టికెట్ ధర మండిపోయింది. బెంజి సర్కిల్ దగ్గర హోర్డింగు పెట్టి సీటు ఇప్పించిన కన్సల్టెన్సీవాళ్లు ‘ఏమీ కాదు, ఇదంతా మామూలే’ అన్నారు. పొలం తాకట్టు పెట్టి పంపిన తండ్రి, ‘సగంలో వచ్చేస్తే ఎలా నాన్నా’ అన్నాడు. గల్ఫ్‌లో కార్మికులదీ ఇదే బాధ. రెండు నెలల జీతం బకాయి ఉంటుంది, సర్వీసు ముగింపు డబ్బు రావాలి, ఊళ్లో వడ్డీ పెరుగుతుంటుంది. ఇప్పుడు వెళ్లిపోతే మళ్లీ రానిస్తారా అన్న భయం. ఎంబసీ ఎవర్నీ బలవంతంగా విమానం ఎక్కించలేదు. కదలాలా వద్దా అన్నది ఇంట్లోవాళ్లు తేల్చాల్సిన విషయం. అందుకే మీకు చెబుతున్నాను: ‘నీ ఇష్టం రా, ఉద్యోగం పోయినా పర్లేదు, రావాలనిపిస్తే వచ్చెయ్’ అన్న మాట మీ నోటి నుంచి వాడికి ముందే వినపడాలి. చాలామంది పిల్లలు ఆ మాట కోసమే ఆగుతారు.

ఇంకో సంగతి. ‘ఇంట్లోనే ఉండండి’ అని ఎంబసీ అన్నప్పుడు అందరికీ కోపమొస్తుంది. 2023 ఏప్రిల్ 15న సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో రెండు సైనిక వర్గాలు నగరం నడిబొడ్డున కొట్టుకున్నప్పుడు మొదట చెప్పింది అదే. మన ఎంబసీ ఉన్న ప్రాంతమే కాల్పుల మధ్య పడింది. రోడ్డెక్కితే చావే. కాల్పుల విరమణ కాస్త దొరికాక బస్సుల్లో సుమారు 850 కిలోమీటర్లు పోర్ట్ సూడాన్‌కు తీసుకెళ్లి, అక్కడి నుంచి నౌకాదళం ఓడల్లో, వాయుసేన విమానాల్లో జెడ్డా చేర్చారు. 2025 జూన్ 23న ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసినప్పుడు కూడా దోహాలో మన ఎంబసీ ఇంటి పట్టున ఉండమనే చెప్పింది. కొన్ని గంటల్లో గగనతలం మళ్లీ తెరుచుకుంది. ఆ కొద్ది గంటల్లో భయపడి కారేసుకుని సరిహద్దుకు పరిగెత్తడం కంటే గదిలో కిటికీకి దూరంగా కూర్చోవడమే క్షేమం. యుద్ధం పక్కింట్లో ఉన్నప్పుడు మనకు తగిలేది ఎక్కువగా ఇలాంటి దెబ్బే. 2022 జనవరి 17న అబుదాబిలో యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీల దాడిలో చనిపోయిన ముగ్గురిలో ఇద్దరు భారతీయులు. ఆ దేశంలో యుద్ధం లేదు, వాళ్లు తమ పని తాము చేసుకుంటున్న మనుషులు.

ఇప్పుడు కాగితాల సంగతి. నా సర్వీసంతా చూసింది ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

2014లో ఇరాక్‌లో మోసుల్ నగరం ఐసిస్ ఉగ్రవాదుల చేతికి పోయాక, అక్కడి నజఫ్, కర్బలా, బస్రాల్లో ఎంబసీ తాత్కాలిక క్యాంపులు పెట్టింది. ఆ ప్రాంతాల్లో యుద్ధం ఇంకా రాలేదు, విమానాలు నడుస్తున్నాయి. అయినా మనవాళ్లు ఎంతోమంది కదల్లేకపోయారు. కారణం, పాస్‌పోర్టులు కంపెనీల దగ్గర ఉన్నాయి, ఆ దేశం దాటడానికి ఎగ్జిట్ వీసా కావాలి. క్యాంపుల్లో పని అంతా కంపెనీలతో మాట్లాడటం, ఎగ్జిట్ వీసాలు తెప్పించడం, పాస్‌పోర్టు లేనివాళ్లకు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ రాయడం. ఈ సర్టిఫికెట్ ఒకవైపు ప్రయాణానికే, ఇండియాకు రావడానికి మాత్రమే పనికొస్తుంది. అదేదో క్షణాల్లో అయిపోయే పని కాదు. మనిషి భారతీయుడేనని తేల్చాలి. పాత పాస్‌పోర్టు కాపీ ఉంటే పని సులువు. ఏమీ లేకపోతే ఊరి పేరు, ఇంటి అడ్రసు, తండ్రి పేరు అడిగి ఇండియాలో విచారణ చేయించాలి. సరిహద్దు దగ్గర ఒక గోడకు తెల్లబట్ట కట్టి, ఒక్కొక్కరినీ దాని ముందు నిలబెట్టి ఫొటో తీసి, ప్రింటు ఆరకముందే కత్తిరించి అంటించి ముద్రవేసిన రోజులున్నాయి. ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఉన్నా పక్క దేశం ట్రాన్సిట్ వీసా ఇవ్వాలి, ఉన్న దేశం ఓవర్‌స్టే జరిమానా మాఫీ చేయాలి. ఆ బేరాలన్నీ ఎంబసీయే చేస్తుంది. ఇవి ఒక్కొక్కటి ఒక్కో రోజు తింటాయి.

మీ అబ్బాయి ఉన్నది కువైట్ కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను. 2025 జూలై 1 నుంచి అక్కడ ప్రైవేటు రంగంలో పనిచేసే విదేశీయులు దేశం దాటాలంటే యజమాని ఆమోదంతో ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి. ఆన్‌లైన్లోనే అవుతుంది, కానీ యజమాని ఒప్పుకోవాలి. అది ఎలా తీసుకోవాలో, కంపెనీలో ఎవరు ఆమోదిస్తారో, ఆ మనిషి సెలవులో ఉంటే ఇంకెవరో ఇప్పుడే కనుక్కోమనండి. కువైట్ నుంచి నేలమీద దారులు సౌదీ వైపు నువైసీబ్, సాల్మీ, ఇరాక్ వైపు అబ్దలీ. విమానాశ్రయం మూస్తే పనికొచ్చేది సౌదీ వైపే. దానికి సౌదీ వీసా సంగతి చూసుకోవాలి. పాస్‌పోర్టు గడువు ఆరు నెలల్లోపు ఉంటే ఇప్పుడే రెన్యువల్‌కు పెట్టమనండి. అకామా (అక్కడ ఉండేందుకు ఇచ్చే నివాస అనుమతి) గడువు కూడా చూసుకోవాలి.

అకామా అయిపోయి, కఫీల్‌ను (వీసా ఇచ్చిన యజమానిని) వదిలేసి బయట పనిచేసుకుంటున్న ఖల్లివెల్లి కుర్రాళ్ల గురించి ఒక మాట. మీ అబ్బాయి గదిలోనో పక్క గదిలోనో అలాంటివాళ్లు ఉండే ఉంటారు. ఎంబసీలో పేరు రాయిస్తే పోలీసులకు పట్టిస్తారని వాళ్ల భయం. అది నిజం కాదు. ఎంబసీ పెట్టుకునే జాబితా మన ప్రభుత్వం కోసం, మనవాళ్లను వెతకడం కోసం. ఏ లెక్కలోనూ లేని మనిషినే అందరికంటే ఆలస్యంగా కనుక్కుంటాం. టికెట్టుకు డబ్బులేని నిరుపేదలకు ప్రవాస భారతీయ సంక్షేమ నిధి నుంచి తిండి, వసతి, టికెట్ ఖర్చు పెట్టే వీలు ఎంబసీకి ఉంది. ఈ సంగతి వాళ్లకు చెప్పించండి.

ఎంబసీ చేయలేనివి కూడా తెలుసుకోవాలి. ఆతిథ్య దేశం అనుమతి లేకుండా విమానం దింపలేదు. యెమెన్‌లో గగనతలం సౌదీ కూటమి చేతిలో ఉంటే, రోజుకు కొన్ని గంటలు అడిగి తీసుకుని సనాలో విమానాలు దించారు. కంపెనీ ఇవ్వాల్సిన జీతం అప్పటికప్పుడు ఇప్పించలేదు, ఫిర్యాదు తీసుకుని తర్వాత వెంటపడుతుంది. ప్రతి ఇంటికీ కారు పంపలేదు, కూడలి చెబుతుంది, అక్కడికి మనమే చేరాలి. ఒక్కోసారి తనే ఊరు మారాల్సి వస్తుంది. కీవ్ ఎంబసీ 2022 మార్చి 13న తాత్కాలికంగా వార్సాకు మారింది, మే 17న తిరిగి కీవ్‌లో తెరిచింది. మారినా హెల్ప్‌లైన్లు, ఈమెయిళ్లు పనిచేస్తూనే ఉంటాయి.

హెల్ప్‌లైన్ గురించి దగ్గరగా చూసింది చెబుతాను. ఒక రాత్రి డ్యూటీలో ఉండగా మన పల్నాడు వైపు నుంచి ఒకావిడ ఫోన్. కొడుకు ఫోన్ రెండు రోజులుగా కలవడం లేదు. ఊరి పేరు తెలియదు, కంపెనీ పేరు ‘అల్ ఏదో’ అంటుంది, పక్కన మసీదు ఉందంటుంది. అక్కడ ప్రతి వీధిలోనూ మసీదు ఉంటుంది, కంపెనీల్లో సగం పేర్లు అల్‌తోనే మొదలవుతాయి. ఆవిడ ఏడుస్తోంది, నా వెనక ఇంకో మూడు ఫోన్లు మోగుతున్నాయి. చివరికి ‘అబ్బాయి డబ్బు పంపినప్పుడు రసీదు ఫొటో ఏమైనా పెట్టేవాడా అమ్మా’ అని అడిగాను. పెట్టేవాడు. ఆ రసీదు మీద ఎక్స్ఛేంజ్ బ్రాంచి పేరు ఉంది. కార్మికులు గదికి దగ్గరున్న బ్రాంచికే వెళతారు. ఆ ఏరియాలో మాకు తెలిసిన ఒక మలయాళీ హోటల్ ఆయనకు చెబితే, పొద్దుటికల్లా మనిషిని పట్టుకున్నాడు. ఛార్జర్ కాలిపోయిందట, అంతే. కానీ ఆ రసీదు లేకపోతే ఏం చేసేవాళ్లమో నాకు తెలియదు.

కాబట్టి మీరు ఇక్కడ ఇంట్లో ఒక కాగితం మీద ఇవి రాసి పెట్టుకోండి, ఫోన్లోనూ ఫొటో తీసి ఉంచుకోండి: పాస్‌పోర్టులో ఉన్నట్టే పూర్తి పేరు, పాస్‌పోర్టు నంబరు, సివిల్ ఐడీ నంబరు, కంపెనీ పూర్తి పేరు, గది ఉన్న ఏరియా, బ్లాక్, వీధి, బిల్డింగు, వాట్సాప్ లొకేషన్, ఒకే గదిలో ఉండే ఇద్దరి నంబర్లు, కంపెనీ క్యాంపు బాస్ నంబరు. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ కాపీలు తప్పనిసరి. వాడికి షుగరో బీపీయో ఉంటే నెలకు సరిపడా మందులు కొని పెట్టుకోమనండి, చేతిలో కొంత నగదు కూడా. కరెంటు, నెట్ పోతే కార్డు పనిచేయదు.

నంబర్లు ఎంబసీ అధికారిక వెబ్‌సైట్ నుంచే తీసుకోండి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేవి నమ్మొద్దు. ‘ప్రత్యేక విమానంలో సీటు ఇప్పిస్తాం, ముందు ఇంత పంపండి’ అనే ఏజెంట్లు ప్రతి సంక్షోభంలోనూ పుట్టుకొస్తారు. ఎంబసీ జాబితాలో పేరు ఎక్కించడానికి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. ఉక్రెయిన్ నుంచి గానీ, 2023లో ఇజ్రాయెల్ నుంచి గానీ ప్రత్యేక విమానాల ఖర్చు ప్రభుత్వమే పెట్టుకుంది. మన రాష్ట్రానికి సంబంధించి తాడేపల్లిలో ఏపీఎన్‌ఆర్‌టీఎస్ (ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ) ఉంది, ఇరవై నాలుగు గంటల హెల్ప్‌లైన్ నడుపుతుంది, తెలుగులో చెప్పుకోవచ్చు. అక్కడా పేరు ఇవ్వండి. ఢిల్లీలో దిగాక ఏపీ భవన్ వాళ్లు చూసుకోవడానికి అది పనికొస్తుంది. విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన మదద్ పోర్టల్లో కూడా నమోదు చేయొచ్చు. ప్రాణం మీదికొచ్చినప్పుడు దానికంటే ఫోనే మేలు గానీ, జీతం బకాయిలాంటి విషయాలకు ఆ ఫిర్యాదు నంబరు తర్వాత బాగా ఉపయోగపడుతుంది.

ఇంకొక విన్నపం. ఇంట్లో ఒక్కరే ఫోన్ చేయండి. తల్లి ఒకసారి, మేనమామ ఒకసారి, బావమరిది ఇంకోసారి చేసి పేరు ఒక్కొక్కరు ఒక్కోలా చెబితే, జాబితాలో ఒకే అబ్బాయి ముగ్గురుగా నమోదవుతాడు. బస్సు సీట్ల లెక్క తప్పుతుంది. అలాగే అబ్బాయి సొంతంగా టికెట్ కొనుక్కుని వచ్చేస్తే ఆ మాట కూడా ఎంబసీకి చెప్పాలి. వచ్చేసిన మనిషి కోసం ఎవరో ఒకరు అక్కడ గదులు తడుతూ తిరుగుతుంటారు.

ఈ రోజుకైతే కంగారుపడి వాణ్ణి వచ్చెయ్యమని అనక్కర్లేదు. మీరు రాసిన ప్రకటన మొదటి మెట్టుదే, విమానాలు నడుస్తున్నంత కాలం సర్దుకోవడానికి టైముంది. రోజూ పొద్దున, రాత్రి ఎంబసీ పేజీ చూడమనండి. భాష రెండో మెట్టుకు మారితే సెలవు పెట్టమనండి. మూడో మెట్టుకు వస్తే టికెట్ ధర చూడకుండా ఎక్కమనండి.

వాడి పాస్‌పోర్టు ఇప్పుడు వాడి దగ్గరే ఉందా, కంపెనీ దగ్గర ఉందా కనుక్కుని ఇక్కడే రాయండి అమ్మా. కంపెనీ దగ్గర ఉంటే హెచ్‌ఆర్‌కు ఎలా రాసి అడగాలో, ఇవ్వకపోతే ఎంబసీ లేబర్ సెక్షన్‌కు ఎలా పెట్టుకోవాలో లెటర్ నమూనాతో సహా రాస్తాను.